ముప్పై ఒకటో మనిషి

"మా ఆవిడ హాలాంగ్ బే మొత్తం నిద్రలోనే చూసేసిందండీ!"

యాకోబు ఈ మాట మొదట హైదరాబాదు విమానాశ్రయంలో అన్నాడు. తరువాత రాజోలు బస్టాండులో అన్నాడు. తరువాత చేపల బజారులో, ఆ తరువాత ఫోను చేసి పలకరించిన ప్రతివాళ్లతోనూ అన్నాడు. మొదటిసారి సలోమి కూడా నవ్వింది. రెండోసారి నవ్వబోయి ఆగింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన అయిదో రోజు, పెరట్లో పంపు దగ్గర పీట వేసుకుని, అడుగంటిన రైసు కుక్కరు గిన్నెను కొబ్బరి పీచుతో తోముతుంటే వీధి అరుగు మీంచి అదే మాట మళ్లీ వినబడింది. దారిన పోతున్న వాళ్లెవరో ఆగినట్టున్నారు. పెద్దగా నవ్వారు. ఆమె చేతిలో పీచు ఆగిపోయింది.

ఆ గిన్నె ఆమెది కాదు. టూరుకు ముగ్గురు మూడు కుక్కర్లు తెచ్చారు. ఒకటి వాళ్లది, రెండు ఇతరులవి. తిరిగొచ్చేటప్పుడు మూడూ ఆమె పెట్టెలోనే వచ్చాయి. "శుభ్రంగా తోమి ఎవరిది వాళ్లకిచ్చెయ్. మాట రాకూడదు," అన్నాడు యాకోబు. వండించుకు తిన్నవాళ్లకు మాట రాదు. తోమకుండా ఇస్తే తోమవలసిన మనిషికి వస్తుంది.

సలోమి జిల్లా పరిషత్తు హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి కిందటి ఏప్రిల్లో రిటైరయింది. యాకోబు తాటిపాకలో గ్యాసు కంపెనీ స్టోర్సులో గుమాస్తాగా చేసి అంతకు అయిదేళ్ల ముందే ఇంట్లో కూర్చున్నాడు. పనిలో ఉన్నన్నాళ్లూ ఆయన ఎనిమిది గంటలకు బండెక్కేవాడు, ఆమె ఎనిమిదిన్నరకు బస్సెక్కేది. సాయంత్రం ఇద్దరూ ఒకే వేళకు ఇల్లు చేరేవాళ్లు. ఆయన కుర్చీలో కూర్చునేవాడు, ఆమె వంటింట్లోకి వెళ్లేది. ఇందులో ఎవరికీ ఏ వింతా కనబడలేదు. ఆమెకు కూడా చాలా కాలం కనబడలేదు.

ఆమె తన జీవితంలో నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క ప్రయాణమే. స్టాఫు రూములో బీరువా పక్కన ఎరువుల కొట్టు వాళ్ల క్యాలెండరు ఒకటి ఉండేది. ఏడాది అయిపోయినా ఆమె దాన్ని తియ్యనివ్వలేదు. ఆకుపచ్చటి సముద్రం, ఆ నీళ్లలోంచి నిలువునా లేచిన కొండలు, మధ్యలో చిన్న పడవ. ఏ ఊరో పేరు లేదు. "ఏ చైనానో అయ్యుంటుందండీ," అన్నాడు సోషలు మాస్టారు. కోనసీమలో కొండ లేదు. ఎటు చూసినా కొబ్బరి, వరి, కాలవ. నేలంతా చాప పరిచినట్టు ఉంటుంది. నీళ్లలో కొండ నిలబడి ఉంటే దాని పక్కన పడవలో కూర్చున్న మనిషికి ఎలా ఉంటుందో ఆమె జవాబు పత్రాలు దిద్దుతూ, తలెత్తి ఆలోచించేది. రిటైరైన నెలలో సుభాష్ ఇచ్చిన టూరు కరపత్రం మీద అదే బొమ్మ కనబడింది. కింద పేరుంది, వియత్నాంలో హాలాంగ్ బే అని. ఆ కాగితం తీసుకెళ్లి యాకోబు ముందు పెట్టింది.

"ఇక్కడికి వెళ్దామండీ. నా రిటైర్మెంటు డబ్బులోంచి."

ఆయన కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పాడు. "చవగ్గానే ఉందే," అన్నాడు. ఒప్పుకున్నట్టే.

సుభాష్ యాకోబు చెల్లెలి కొడుకు. అమలాపురంలో టూర్ల ఆఫీసు నడుపుతున్నాడు. ఆ రోజు అరుగు దగ్గర నవ్వులు అయ్యాక వచ్చింది అతనే. చేతిలో కాజాల ప్యాకెట్టు ఉంది.

"అత్తయ్యగారూ, మీ పులిహోర ప్యాకెట్ల వల్లే నా టూరు నిలబడిందండీ. ఆయ్, నిజవండీ. ఆఫీసుకొచ్చినోళ్లందరూ అదే అడుగుతున్నారు, ఈసారి కూడా టీచరు గారొస్తారా అని."

సలోమి తడి చేతులు చెంగుకు తుడుచుకుని గుమ్మంలో నిలబడింది.

"సెప్టెంబరులో మళ్లీ అదే వియత్నాం అండీ. ముప్పై అయిదు మంది. మీకు టిక్కెట్టు, వీసా, హోటలు మొత్తం నాదే. వంటొక్కటీ చూసుకుంటే చాలండి. ఈసారి కుక్కర్లు పెద్దవి నేనే కొంటాను."

యాకోబు ముఖం వెలిగింది. "విన్నావా? ఇంట్లో చేసే పనే. అక్కడ చేస్తే విదేశం ఉచితం!"

"మరి మీరు?" అంది సలోమి.

"నేనూ వస్తాను. నువ్వెళ్లిపోతే ఇక్కడ నేనేం తింటాను?"

సుభాష్ నవ్వి, కాజా ఒకటి తనే తీసుకుని, "మావయ్యగారూ, ఆదివారం మందిరంలో మీ సాక్ష్యం ఉంది కదండీ. టూరు గురించి నాలుగు మాటలు వేసెయ్యండి. మరీ పొగడకండి. లాభాలతో పాటు నష్టాలు కూడా చెప్పండి. రెండూ చెబితేనే మనోళ్లు నమ్ముతారు," అన్నాడు.

"మీ అత్త రాస్తుందిలే. రెండు పేజీలు చాలు, సలోమీ. అక్షరాలు కాస్త పెద్దవి రాయి, ఈ కళ్లజోడు ఆనడం లేదు."

దూర ప్రయాణం చేసి క్షేమంగా తిరిగొచ్చిన వాళ్లు ఆదివారం ఆరాధన చివర లేచి సాక్ష్యం చెప్పడం వాళ్ల సంఘంలో అలవాటు. లేచేది మగవాళ్లే. ఆడవాళ్లు చెంగు తలమీదకు లాక్కుని ఎడమ పక్కన కూర్చుంటారు. పాట పాడవచ్చు, ఆమేన్ అనవచ్చు. నిలబడి మాట్లాడకూడదు. యాకోబు సాక్ష్యం అంటే సంఘంలో పేరుంది. భాష బాగుంటుందని, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతాడని అంటారు. ఎక్కడ ఆగాలో సలోమి కాగితం మీద చిన్న గీత పెడుతుంది. పెళ్లయిన మరుసటేడు నుంచీ ఆమె రాస్తోంది, ఆయన చదువుతున్నాడు. ముందుగా ఒకసారి చూసుకోవడం కూడా మానేసి చాలా ఏళ్లయింది. కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంటాడు, లేచి విప్పుతాడు, చదువుతాడు. బయటికొచ్చాక మెచ్చుకున్నవాళ్లకు, "అంతా ప్రభువు కృపండీ," అంటాడు. నవ్వు ఆపుకోవడం ఆమె మొదటి పదేళ్లలోనే నేర్చుకుంది.

లాభాలూ నష్టాలూ. ఆ రాత్రి పడుకుని పైకప్పు వంక చూస్తూ ఆమె మనసులో రెండు గళ్లు గీసింది.

వరి పండే దేశానికి వీళ్లు బియ్యం మోసుకెళ్లారు. కుక్కర్లు తెచ్చిన ముగ్గురూ, అదీ తలా పది కిలోలు. అక్కడ దిగి బస్సెక్కగానే రోడ్డుకు రెండు పక్కలా వరిచేలు కనబడ్డాయి. "అమలాపురం రోడ్డులాగే ఉందండీ," అని అందరూ సంబరపడ్డారు. చవక టూరు కాబట్టి మధ్యాహ్నం భోజనం సుభాష్ లెక్కలో లేదు. మొదటి మధ్యాహ్నం ఒక హోటలు ముందు బస్సు ఆపితే లోపలి వాసనకు సగం మంది ముక్కు మూసుకున్నారు. "కంగారు పడకండి, మా ఆవిడ ఉందిగా!" అన్నాడు యాకోబు. ఆమెను అడగలేదు. ఆమె పక్కనే నిలబడి ఉంది. ఆ సాయంత్రం మిగతా రెండు కుక్కర్లూ, బియ్యం సంచులూ వాళ్ల గదికి చేరాయి. ఆమె ఇంటి నుంచి సీసాలో తెచ్చిన చింతపండు గుజ్జు మొత్తం ప్రయాణానికి ఇద్దరికని తెచ్చుకున్నది.

మర్నాడు తెల్లవారుజామున మూడు కుక్కర్లూ ఒకే ప్లగ్గులో పెట్టింది. ఆ అంతస్తులో దీపాలన్నీ ఆరిపోయాయి. కాసేపటికి హోటలు పిల్ల టార్చి లైటుతో తలుపు తట్టింది. పాతికేళ్లుంటాయేమో. సలోమి తలుపు తీసి, చీర చెంగు రెండు చేతులా వెడల్పుగా పట్టుకుని కుక్కర్లకు అడ్డంగా నిలబడింది. పరీక్షల్లో చీటీలు దాచిన పిల్లల్ని ముప్పై నాలుగేళ్లు పట్టుకున్న మనిషి. చీటీ దాచిన పిల్లలు ఎలా నిలబడతారో అచ్చం అలాగే నిలబడింది. వెనక మంచం మీద యాకోబు దుప్పటి ముఖం మీదకు లాక్కున్నాడు. గురక ఆగిపోయింది. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఆమెకు తెలుసు, ఆయన నిద్రపోతే గురక ఆగదు. పొద్దున కింద సుభాష్ అడిగితే యాకోబు, "వద్దని చెప్పేనయ్యా, వింటేనా!" అన్నాడు.

ఆ తరువాత ఒక్కొక్క కుక్కరే పెట్టవలసి వచ్చింది. ముప్పై ఒక్కరికి వండాలంటే రెండున్నరకు లేవాలి. హాలాంగ్ బేకి వెళ్లే రోజు ఆమె రెండున్నరకు లేచింది. ఆరింటికి ప్యాకెట్లు కట్టడం అయింది. రెండున్నర గంటలు బస్సు. పడవ ఎక్కాక ప్యాకెట్లు పంచింది. అందరూ పై అంతస్తులోకి వెళ్లారు. కాళ్లు లాగుతుంటే, రెండు నిమిషాలు కూర్చుని వెళ్దామని కిటికీ పక్క బల్ల మీద కూర్చుంది. మళ్లీ కళ్లు తెరిచేసరికి పడవ రేవుకు తగిలింది. దిగుతున్న వాళ్ల ఫోన్లలో కొండలున్నాయి.

"పాపం, అలిసిపోయింది. లేపడమెందుకని ఊరుకున్నాను," అన్నాడు యాకోబు. అది ప్రేమేనని సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడం ఆమెకు కుట్టుపని లాంటిది. ఎక్కడ చిరిగినా లోపలి నుంచి, పైకి కనబడకుండా కుట్టెయ్యగలదు.

రెండో గడిలో, అంటే లాభాల గడిలో, ఆమెకు కనబడింది ఒక్కటే. గైడు.

ఆవిడ పేరు హువాంగ్. నలభై ఏళ్లుంటాయి. చిన్న పసుపు జెండా కర్రకు కట్టుకుని ముందు నడిచేది. బస్సెక్కిన ప్రతిసారీ వెనక నుంచి ముందు దాకా ఒక్కొక్క తల మీదుగా వేలు ఆడిస్తూ లెక్కపెట్టేది. ముప్పై ఒకటి వస్తేనే బస్సు కదిలేది. హనోయిలో పాతకాలపు చదువుల గుడి ఒకటి చూపించారు. అక్కడ వరసగా రాతి తాబేళ్లు, ఒక్కొక్క తాబేలు వీపు మీద నిలువెత్తు రాతి పలక, ఆ పలకల నిండా వందల ఏళ్ల కిందట పరీక్ష నెగ్గిన వాళ్ల పేర్లు. సుభాష్ దానికి పావుగంట ఇచ్చాడు. తరువాత ముత్యాల దుకాణానికి గంటన్నర. సలోమి తాబేళ్ల దగ్గర నిలబడిపోయింది. నెగ్గిన పిల్లల పేర్లు రాతి మీద చెక్కిన దేశం! ఆమె చెప్పిన పిల్లల పేర్లు నోటీసు బోర్డు మీద చాక్‌పీసుతో రాసేవారు, మర్నాటికి చెరిగిపోయేవి.

బస్సులో ముప్పై మందే తేలారు. "వచ్చేస్తుందిలెండి, బండి పోనివ్వండి, గేటు దగ్గర ఎక్కుతుంది," అన్నాడు యాకోబు. ఈ సంగతి ఆమెకు తరువాత ఆయనే చెప్పాడు, గైడు మొండితనానికి ఉదాహరణగా. హువాంగ్ డ్రైవరు ముందు చెయ్యి అడ్డం పెట్టిందట. "నో. థర్టీ. ఐ నీడ్ థర్టీ వన్," అందట. దిగి వెనక్కి వచ్చింది. సలోమి ఆవిడను చూసి కంగారుగా పరిగెత్తబోతే, "స్లో, స్లో," అని చెయ్యి పట్టుకుంది. "యూ లైక్?" అని అడిగింది. సలోమి తల ఊపి, తనకు వచ్చిన ఇంగ్లీషులో అడిగింది, ఈ పేర్లలో ఆడవాళ్లున్నారా అని. హువాంగ్ నవ్వింది. "నో లేడీ. హస్బెండ్ ఎగ్జామ్. వైఫ్ కుక్ రైస్." ఇద్దరూ ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని తాబేళ్ల మధ్య నిలబడి నవ్వారు. ఇంకో రెండు నిమిషాలు చూడమని ఆవిడ పక్కనే ఆగింది. ముప్పై మంది బస్సులో ఎదురుచూశారు. సలోమి కోసం ఎవరైనా ఆగడం అదే మొదలు. ఇంట్లో ఆమె కోసం ఆగేది పొయ్యి మీద పాలు మాత్రమే. అదీ పొంగేదాకా.

శనివారం పొద్దున్న ఫోను మోగింది. జెస్సీ. కొత్తపేట ఆసుపత్రిలో నర్సు, టూరుకు ఒంటరిగా వచ్చిన మనిషి. ఒక్కత్తికి గది ఎందుకంట అని బస్సులో అందరూ ఆరా తీసింది ఈ అమ్మాయి గురించే.

"టీచరు గారూ, ఫోను నిండిపోయిందని ఖాళీ చేస్తుంటే ఒక వీడియో దొరికిందండీ. పంపాలా వద్దా అని రెండు రోజుల నుంచీ ఆలోచిస్తున్నాను."

"నేనేం చేసేనమ్మా అందులో?"

"మీరేం చెయ్యలేదండీ. అందుకే పంపుతున్నాను. ఏమీ అనుకోకండి."

సలోమి కళ్లజోడు పెట్టుకుని చూసింది. నిమిషం కూడా లేదు. హాలాంగ్ బేలో రెండు రాళ్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి, అచ్చం పందెంలోకి దింపిన కోళ్లలా. పై అంతస్తులో కోనసీమ మొత్తం కేకలు పెడుతోంది. "డేగ పుంజు మీద పై పందెం!" అని ఎవరో అరుస్తున్నారు. జెస్సీ మెట్లు దిగి కింద గదిలోకి వచ్చింది. కిటికీ పక్క బల్ల మీద ఒక ముసలావిడ తల వాల్చి, కాస్త నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆ ముసలావిడ తనేనని గుర్తుపట్టడానికి సలోమికి ఒక క్షణం పట్టింది. అప్పుడు వెనక నుంచి యాకోబు వచ్చాడు. వంగి, ఆమె భుజం పట్టుకుని కుదిపాడు. గట్టిగానే కుదిపాడు.

"సలోమీ! ఏమే! ఆవకాయ ఎక్కడ పెట్టేవు?"

ఆ ముసలావిడ కళ్లు తెరవలేదు. చెయ్యి మాత్రం లేచి బల్ల కింద చూపించింది. "సంచిలో... ఎర్రమూత సీసా," అని గొణిగింది. యాకోబు సీసా తీసుకుని తలెత్తాడు. కిటికీ నిండా రెండు రాళ్లూ నెమ్మదిగా జరిగిపోతున్నాయి, ఆమె తలకు బారెడు దూరంలో. ఆయన చూశాడు. "అబ్బ!" అన్నాడు. సీసా పట్టుకుని పైకి వెళ్లిపోయాడు.

సలోమి దాన్ని అయిదుసార్లు చూసింది. ఏడుపు రాలేదు. కోపం కూడా ఆమె అనుకున్నంత రాలేదు. జవాబు పత్రం దిద్దేటప్పుడు, తప్పు ఎక్కడుందో తెలియక పేజీ అంతా వెతికి వెతికి చివరికి పట్టుకుంటే మనసు ఒక్కసారి తేటపడుతుంది చూడండి, అలా అయింది. లేపడమెందుకని ఊరుకున్న మనిషి లేపాడు. లేపవచ్చని ఆయనకు తెలుసు. లేపితే ఆమె పలుకుతుందనీ తెలుసు. ఆవకాయకు లేపాడు. కొండలకు లేపలేదు. ఆయన దుర్మార్గుడేం కాదు. చెయ్యి చేసుకోలేదు, తాగలేదు, ఆమె ఉద్యోగం మానిపించలేదు. అవి చెయ్యని మగవాడు మంచివాడని ఆమె పుట్టినప్పటి నుంచీ విన్నది. ఆయనకు ఆ క్షణంలో ఆమె గుర్తొచ్చింది కూడా, సీసా ఎక్కడుందో తెలిసిన మనిషిగా. కొండలు చూసే కళ్లున్న మనిషిగా గుర్తు రాలేదు. అంతే. ముప్పై తొమ్మిదేళ్లు లోపలి నుంచి కుట్టుకుంటూ వచ్చిన చిరుగు ఇదే. ఇక కుట్టడానికి గుడ్డ మిగల్లేదు.

ఆమె సుభాష్‌కు ఫోను చేసింది.

"సెప్టెంబరు బ్యాచిలో నాకో సీటు రాసుకో బాబూ. డబ్బు కట్టే సీటు."

"అదేంటండీ అత్తయ్యగారూ, మీకు ఉచితం అన్నాను కదండీ!"

"ఉచితం వద్దు. గదిలోకి ఎవరైనా ఆడమనిషిని వెయ్యి. గురక పెట్టినా పర్వాలేదు, నాకు అలవాటే. గైడు మాత్రం ఆ హువాంగే ఉండాలి."

"మరి వంటండీ?"

"వంటమనిషిని పెట్టుకో. జీతమిచ్చి."

"మావయ్యగారికి తెలుసాండీ?"

"రేపు తెలుస్తుంది. నువ్వేం చెప్పకు."

మధ్యాహ్నం యాకోబు సంఘం కమిటీ మీటింగుకు వెళ్లాక, భోజనాల బల్ల మీద తెల్లకాగితం పరుచుకుని కూర్చుంది. ఎప్పటిలాగే, ఆయన మాట్లాడుతున్నట్టు, "నేను" అనే రాసింది. అక్షరాలు పెద్దవిగా రాసింది. ఆగవలసిన చోట గీతలు పెట్టింది. ఒక్క అబద్ధం రాయలేదు. రెండు గంటల్లో అయిపోయింది. ముప్పై తొమ్మిదేళ్లలో ఇంత తేలిగ్గా ఏ సాక్ష్యమూ రాలేదు.

సాయంత్రం కాగితం చేతికిస్తూ, "ఈసారి ఒక్కసారి చదువుకోండి," అంది. ఆమె టీచరు. హెచ్చరించకుండా పరీక్ష పెట్టదు.

"నువ్వు రాసేక చదివేదేముంది?" అని ఆయన మడిచి బైబిల్లో పెట్టేసుకున్నాడు.

ఆదివారం మందిరం నిండింది. సుభాష్ మూడో వరసలో కూర్చున్నాడు, కరపత్రాల కట్ట ఒళ్లో పెట్టుకుని. ఆరాధన నడిపే పెద్ద రాజ్ కుమార్ గారు, "బ్రదర్ యాకోబు గారు సాక్ష్యం చెబుతారు," అన్నారు. యాకోబు లేచాడు, గొంతు సవరించుకున్నాడు, కాగితం విప్పాడు.

"సహోదరులకూ సహోదరీలకూ వందనాలు. దేవుని కృపను బట్టి నేనూ నా భార్యా వియత్నాం దేశం చూసి క్షేమంగా తిరిగి వచ్చాము. గైడుతో, గుంపుగా, చవకగా వెళ్లే ఈ టూర్ల వలన లాభాలున్నాయి, నష్టాలున్నాయి. ముందు లాభాలు. దారి తెలియనక్కర్లేదు. భాష తెలియనక్కర్లేదు. ఎక్కడికెళ్లినా మనవాళ్లే చుట్టూ ఉంటారు. ఇక నష్టాలు. చూడవలసిన చోట పావుగంట ఆపుతారు, కొనవలసిన చోట గంటన్నర ఆపుతారు. ఎక్కడికెళ్లినా మనవాళ్లే చుట్టూ ఉంటారు."

మందిరం నవ్వింది. సుభాష్ కూడా నవ్వాడు. యాకోబు ఆ నవ్వు అయ్యేదాకా గీత దగ్గర ఆగాడు. ఉత్సాహం వచ్చి గొంతు పెంచాడు.

"నాకు అక్కడ ఏ ఇబ్బందీ కలగలేదు. నా బట్టలు నా భార్య సర్దింది. నా బీపీ మాత్రలు, పాస్‌పోర్టు ఆమె సంచిలో ఉన్నాయి. ముప్పై ఒక్కరికి మధ్యాహ్నం భోజనం ఆమె తెల్లవారుజామున లేచి వండింది. వండుతానని ఆమె అనలేదు. నేనన్నాను. హోటల్లో కరెంటు పోయి వాళ్లు తలుపు కొట్టినప్పుడు నేను దుప్పటి కప్పుకుని నిద్ర నటించాను."

ఆఖరి మాట నోట్లోంచి వచ్చేశాక గాని ఆయనకు అర్థం కాలేదు. ఎవరూ నవ్వలేదు. చెంగుల కింద ఆడవాళ్ల తలలు ఒకటొకటిగా లేచాయి. యాకోబు కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. రాజ్ కుమార్ గారు ఇది పాపపు ఒప్పుకోలు అనుకుని, మెచ్చుకోలుగా, "కానివ్వండి బ్రదర్," అన్నారు. ఆగడానికి దారి లేకపోయింది.

"ఒకచోట నా భార్య వెనకబడితే బస్సు పోనివ్వమన్నాను. గైడు ఒప్పుకోలేదు. నాకు ముప్పై సరిపోయింది. ఆవిడకు సరిపోలేదు. పడవలో నా భార్య నిద్రపోయింది. లేపలేదని మీ అందరికీ చెప్పాను. అది నిజం కాదు. ఒకసారి లేపాను. ఆవకాయ కోసం."

అక్కడ ఆమె గీత పెట్టలేదు. ఆయనే ఆగిపోయాడు. తలెత్తి ఎడమ పక్కకు, ఆడవాళ్ల వైపు చూశాడు. సలోమి చెంగు తల మీద ఉంది, పెదవులు మూసి ఉన్నాయి. మందిరంలో ఆడవాళ్లు మాట్లాడకూడదు, ఆమె మాట్లాడలేదు. తరగతిలో పాఠం చదువుతున్న పిల్లవాడు కష్టమైన మాట దగ్గర ఆగిపోయి బిక్కమొహం వేస్తే ముప్పై నాలుగేళ్లు ఏం చేసేదో అదే చేసింది. చూపుడు వేలు కాస్త పైకెత్తి, గాలిలో ఒక్క గీత కిందికి దించింది. తరువాతి లైను.

యాకోబు చదివాడు.

"సెప్టెంబరులో నా భార్య మళ్లీ వెళ్తోంది. వంటకు కాదు, కొండలు చూడడానికి. టిక్కెట్టు డబ్బు ఆమే కట్టుకుంటోంది. నేను ఇంట్లో ఉంటాను. కుక్కరు నా కోసం తోమి పెట్టింది. బియ్యం ఎన్ని, నీళ్లు ఎన్ని అన్నది ఈ కాగితం వెనక రాసి ఉంది."

మందిరమంతా చూస్తుండగా, యాకోబు కాగితం తిప్పి చూశాడు.